మక్క గారెల వాసన

శుక్రవారం రాత్రి

కొత్త హెడ్డాఫీసు కోసం బెంగళూరు, చెన్నై చూసొచ్చిన ఒక పెద్ద కంపెనీ మేడం ఈరోజు మా ఊరు లక్డారంలో స్థలం చూడటానికి వచ్చింది. చూపించే పని నాది. సరిగ్గా అప్పుడే గాలి మళ్లి ఫ్యాక్టరీల కంపు మొదలైంది. మేడం వెళ్లిపోతుందన్న భయంతో పక్కనే ఉన్న మా ఇంటికి ఫోన్ చేశాను.

"జెర ఆగు, వస్తున్న," అంది అత్తమ్మ.

గాలి వచ్చే వైపు గట్టు మీద పొయ్యి పెట్టి, పొద్దున రుబ్బిన మొక్కజొన్న పిండితో మక్క గారెలు వేసింది.

"ఏమిటీ వాసన?" అంది మేడం. కంపు గురించే అనుకున్నాను. చూస్తే ఆమె పొయ్యి వైపే నడుస్తోంది. నాలుగు తింది.

సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడికే వస్తున్నారట. ఇల్లంతా కేకలు, నవ్వులు.

అత్తమ్మ మళ్లీ మొదలైన కంపు రాకుండా కిటికీ మూస్తూ నాతో అంది: "గా మేడం ఈడనే కూసుంటే, దినాం గారెలు ఏస్తవా బిడ్డా?"