నీళ్ల వంతు గడియారం

క్రెసెన్స్‌కు,

నా కోడిగీతల రాతకూ తప్పులకూ విసుక్కోకుండా చదువుకో. నేను కులాసా.

పండుగ మంటపానికి కట్టే డాళ్ల మీద, ఇక్కడ పట్నంలో ఒక్కో ఊరివాళ్లం మా ఊరి గుర్తు గీసి రంగులు వేస్తున్నాం. మన డాలు మీద ఇసుక గడియారం గీయబోతే గుమాస్తా బాబు నవ్వాడు. "తాతా, అది చావు గుర్తు. సమాధుల మీద చెక్కేది. చక్కగా దేవదారు చెట్టు వేసెయ్" అన్నాడు. పక్క ఊరి మోరిట్జ్ ఊరుకుంటాడా? "వాళ్ల ఊరికి టైము దగ్గరపడిందిలెండి" అన్నాడు. నలుగురిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా చెప్పాను. "బాబూ, అది మా కాలువ నీళ్ల వంతు. ఇసుక జారినంతసేపూ ఒకరి గడ్డిపొలానికి, తిరగేస్తే పక్కవాడికి. అది లేని రోజుల్లోనే మావాళ్లు పారలతో కొట్టుకుని చచ్చేవాళ్లు" అన్నాను. ఆయన నవ్వు ఆపాడు గానీ, ఊరి పాత ముద్ర చూపిస్తేనే ఒప్పుకుంటానన్నాడు. శనివారం దాటితే మోరిట్జ్ చేత చెట్టు వేయిస్తాడట.

నేను ఒప్పుకోను. గడియారం చెక్కిన ఆ కొయ్య ముద్ర పంచాయతీ పెట్టెలో ఉంది. స్టానిస్లాస్ అన్నను అడిగి, లక్క మీద ఒత్తించి గురువారం టపా బండికి పంపు. తాళంచెవి కనబడలేదంటాడు, కదలకుండా అక్కడే కూర్చో.

కుంటి మేక ఈనిందా? చీజు దిమ్మలు రోజూ తిప్పుతున్నావా? నా ఉన్ని మేజోళ్లు కూడా పంపు. మనవరాలు అగాతకు దీవెనలు.

డాలు మధ్యలో గడియారమంత చోటు వదిలి, మిగతా రంగంతా వేసేశాను. వెంటనే జవాబు రాయి.

థియోడుల్