బి.ఏ. సైకాలజీలో పదిహేనో సీటు గురించి

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారి సముఖమునకు,
కడియపులంక గ్రామ వాస్తవ్యుడు, మొక్కల వ్యాపారి, సలాది బుల్లబ్బాయి (వయసు 46, ఇంటర్ పాస్, రెండో ప్రయత్నంలో) రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: బి.ఏ. సైకాలజీ గ్రూపులో పదిహేనో విద్యార్థిగా నేను పెట్టుకొనిన దరఖాస్తును కౌంటరు వారు తిరస్కరించుట – మరల పరిశీలించమని కోరుట.

1. నా ఏకైక కుమార్తె దుర్గాశ్రీ ఈ సంవత్సరం ఇంటర్ మంచి మార్కులతో పాసైనది. డిగ్రీలో ఏం తీసుకుంటావని అడగ్గా సైకాలజీ అన్నది. అంతటితో ఆగక, మా నర్సరీ క్యాలెండరు వెనకవైపు నాలుగేళ్ల ప్రణాళిక గీసి ఫ్రిజ్‌కి అంటించింది. మొదటి ఏడు మనిషి మనసు, రెండో ఏడు పిల్లల మనసు, మూడో ఏడు ఆస్పత్రిలో శిక్షణ, నాలుగో ఏడు ఆనర్సు. నాలుగేళ్లలో ఎక్కడా కంప్యూటరు అన్న మాటే లేకపోవడం గమనించి నేను ఆందోళన చెందాను.

"పిచ్చాళ్ల చదువు మనకెందుకమ్మా? కంప్యూటర్లు తీసుకో. నలుగురూ ఏమనుకుంటారు? రేపు ఉద్యోగం ఎవడిస్తాడు?" అని నచ్చజెప్పాను.

"నువ్వు భయపడుతున్నావని నాకర్థమైంది నాన్నా" అని, మర్నాడే వచ్చి తమ కళాశాలలో చేరిపోయింది. భయపడుతున్నట్టు అంతవరకు నాకు తెలియదు.

2. గ్రూపు మార్పించే ఉద్దేశంతో, ఆమెకు చెప్పకుండా, సోమవారం నాడు నేను తమ కళాశాలకు వచ్చాను. కౌంటరులోని గుమాస్తా గారు నా గోడు విని, "మీరు మార్పించక్కర్లేదండి. దానంతటదే పోద్ది. పదిహేను మంది ఉంటేనే గ్రూపు నడుస్తుంది, చేరింది పద్నాలుగు మంది. శనివారంలోపు ఇంకొకళ్లు రాకపోతే అందర్నీ కంప్యూటర్స్‌లో వేసేస్తాం" అన్నారు.

నాకు పరమానందమైనది. ఈ విషయం దాచకుండా ఒప్పుకొనుచున్నాను.

ఆ ఆనందంలో, "అసలు అందులో ఏం చెప్తారండీ?" అని ఊరికే అడిగాను. వారు నా గోళ్లలోని మట్టి వైపు చూసి, "మీకర్థం కాదులెండి. మొక్కలమ్ముకునేవాళ్లకి మనుషుల మనసులేంటండి?" అన్నారు.

"బాబూ," అన్నాను, "మొగుడు మామిడంటాడు, పెళ్లాం గులాబీ అంటుంది. నర్సరీ గేటు దగ్గరే కొట్టేసుకుంటారు. ఇద్దరికీ చెరొకటి అమ్మి, నవ్వించి పంపిస్తానండి. ఇరవయ్యేళ్లుగా నాకిదే పని. ఆ ఫారం ఇలా ఇవ్వండి."

కోపంలో ఫారం నింపేశాను. పెన్ను కూడా వారిదే.

3. వయసు అడ్డు కాదని తేలిన పిమ్మట, ర్యాగింగ్ చేయనన్న హామీ పత్రంపై విద్యార్థి తండ్రి సంతకం కావాలన్నారు. "నేనే తండ్రినండి" అన్నాను. "మీ అమ్మాయికి మీరు. మీకు మీ నాన్నగారు" అన్నారు.

4. మా తండ్రి గంగయ్య గారికి డెబ్భై నాలుగేళ్లు. బత్తాయి అంట్లు కడుతూ కూర్చున్న ఆయన ముందు కాగితం పెట్టాను.

"ఏంట్రా ఇది?"

"సైకాలజీ నాన్నా."

"పిచ్చాళ్ల చదువు మనకెందుకురా? కంప్యూటర్లు తీసుకో. నలుగురూ ఏమనుకుంటారు? ఉద్యోగం ఎవడిస్తాడు?"

"ఈ వయసులో నాకు ఉద్యోగమేంటి నాన్నా?"

"మరీ బాగుంది. ఉద్యోగం కూడా రాని చదువా!"

సంతకం పెట్టలేదు. అవి నేను దుర్గాశ్రీతో అన్న మాటలే. వినేవాడి వైపు నిలబడితే అవి వేరేగా వినబడునని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను.

5. నేను అలిగి అన్నం మానేశాను. దుర్గాశ్రీ కంచం తెచ్చి పక్కన కూర్చుంది. ఆ చదువే ఎందుకమ్మా అని అప్పుడు అడిగాను. అంతకుముందు వద్దని చెప్పడమే గాని అడిగి ఉండలేదు.

"ఇంటర్ హాస్టల్లో నా పక్క మంచం పిల్ల నెల్లాళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు నాన్నా. వార్డెన్‌కి చెప్తే జ్వరం మాత్ర ఇచ్చారు. నేను రోజూ దాని పక్కన కూర్చునేదాన్ని. ఏం మాట్లాడాలో నాకూ తెలీలేదు. అది చదువు మానేసి ఇంటికెళ్లిపోయింది. ఇంకోసారి ఎవరైనా అలా ఉంటే, ఏం చెయ్యాలో నాకు తెలిసుండాలి."

నేను పప్పన్నం మొత్తం తినేశాను.

6. ఈ రోజు శుక్రవారం, సంతకం లేని పత్రంతోనే తిరిగి రాగా, గుమాస్తా గారు "కన్నతండ్రే హామీ ఇవ్వలేదంటే మీ ప్రవర్తన మీద అనుమానంగా ఉందండి" అని ఫారం వెనక్కి తోసేశారు. అయ్యా, నేను ఎవరినీ ర్యాగింగ్ చేయలేను. నాకు మోకాళ్ల నొప్పులు.

కావున తమరు దయయుంచి, నా సంరక్షకురాలిగా నా కుమార్తె సంతకమును (ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండినవి, ఆధార్ నకలు జతపరిచాను) అంగీకరించి, రేపటి గడువు దాటకముందే నన్ను చేర్చుకొని, ఆ పద్నాలుగు మంది పిల్లల గ్రూపును నిలబెట్టవలసినదిగా కోరు నా ఈ మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు, కాబోయే విద్యార్థి,
సలాది బుల్లబ్బాయి

తా.క.: ఈ అర్జీ కవరులో పెడుతుండగా దుర్గాశ్రీ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సామర్లకోట నుంచి దీవెన అనే అమ్మాయి ఇవాళ సాయంత్రం చేరిందటండి. పదిహేను మందీ అయిపోయారు, గ్రూపు ఉంటుంది. "ఇంక నువ్వు చేరక్కర్లేదు నాన్నా, బతికిపోయావు" అంది. బతికిపోయినట్టు నాకేమీ అనిపించలేదండి. మా అమ్మాయి పుస్తకంలో మొదటి పాఠం చదివేశాను. రెండోది సగం దాకా వచ్చింది, ఆ పైన అర్థం కావట్లేదు, ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. నన్ను పదహారోవాడిగా వేసేసుకోండి. మా అమ్మాయి తన ముందు బెంచీ వద్దంటోంది, వెనక బెంచీ కూడా వద్దంటోంది. తలుపు దగ్గర కూర్చుంటాను. స్టూలు నేనే తెచ్చుకుంటానండి.