ఆటలో వాన కోసం కూర్చున్నా

స్తుతీ, లేచినాక మజ్జిగ కలుపుకుని సద్దన్నం తిను. కోళ్లకు నూకలు వేయి. నేను చేనికి పోతాండా.

టీవీకి తగిలించిన నీ ఆటల డబ్బా ఆపేసినా. రిమోట్ ఛార్జింగ్‌కు పెట్టినా. కార్ల ఆట నాకొద్దు, ట్రాక్టర్ మీద ఒళ్లు కుదిపించుకునేది చాలు. కత్తుల ఆటలో చచ్చినోడు మళ్లీ లేచి కొట్లాడాల, అంత ఓపిక నాకు లేదు. సేద్యం ఆటే కొంచెం బాగుండాది. నిన్న అందులో దున్నేసి, విత్తనాలు పెట్టుకుని వాన కోసం కూర్చుంటే కాలం దాటిపోయి చలికాలం వచ్చె. నువ్వేమో, "ఏం నాయనా, పక్కనే కుంట ఉండాది కదా, నీళ్లు తెచ్చి పోయరాదా?" అని పడీ పడీ నవ్వితివి. కుంట నాకూ కనపడింది. మనది కాదేమో అనుకున్నా.

శానా అలిసిపోయి నీతో మాట్లాడకుండా పడుకున్నా. కోపం కాదు.

నాయన

ఆటలో నా చేను చెరిపేయొద్దు. నీళ్లు కూడా నువ్వు పోయొద్దు, నేనొచ్చి పోస్తా. ఒక్కసారన్నా మబ్బు దిక్కు చూడకుండా పంట పెడితే ఎట్లుంటాదో చూడాల.