మిరపకాయల గదిలో ఎలుక

2003 మార్చి 4

ఇందుమూలముగా ఈ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలోని సమస్త హమాలీలకు, లారీ డ్రైవర్లకు, గోడ మీది బల్లులకు తెలియజేయడమేమనగా — గేటు దగ్గర పదకొండేళ్లుగా నా బరువు మోసిన టేకు స్టూలు నేటి నుండి కంప్యూటరు వారి పరం చేయబడినది. అభ్యంతరములున్నవారు గోడకు చెప్పుకోవలెను. ఇట్లు గుమాస్తా కోటయ్య, ఎనిమిదో తరగతి, రెండుసార్లు.

కంప్యూటరు బాలికల హైస్కూలుది. ఎవరో వాడి పారేసినవి ఆరు దానమిస్తే, అందులో ఒకటి. రేడియోలు బాగుచేసే సుభానీ, దాన్ని నడిపిస్తానని భుజాన మోసుకొచ్చాడు. బస్తాలుంచే చల్లటి చాంబరు ముందు గదిలో మూలన పెట్టుకుంటాడట.

“మా కొట్లో కరెంటు నిలవట్లేదన్నా. తొమ్మిది గంటలు పనిచేశాక పోయింది. మళ్లీ మొదటికే. మీకైతే జనరేటరుంది, చల్లగా ఉంటది, ఇది వేడెక్కదు.”

యజమాని సరేనన్నాడు. నా స్టూలు పోయింది.

మార్చి 5

“ఇంతకీ ఏం కడుతున్నావురా?”

కంప్యూటరుని నడిపేదట. ఆపరేటింగ్ సిస్టమ్. బజార్లో దొరికేవి ఈ ముసలివాటి మీద కదలవు. అందుకని సోర్సు కోడు — అంటే మనుషులు రాసిన అసలు రాత — తెచ్చుకుని, ఈ మిషను కొలతకి తనే కట్టుకుంటాడు.

“అంటే పొట్లం కారం కొనడం కాదు. కాయలు తెచ్చి, తొడిమలు తీసి, మన నాలుక్కి తగ్గ ఘాటుకి కొట్టించుకోవడం.”

“అంతే అన్నా! నాకే ఇలా చెప్పడం చేతకాలా.”

చేతకాదు మరి. వాడికి పని వచ్చు, నాకు నోరు వచ్చు.

మార్చి 9

హెడ్మాస్టరమ్మ గారు వచ్చారు. ముక్కుకి కొంగు అడ్డం. అయినా నాలుగు తుమ్ములు.

“వేసవి సెలవులయ్యి బడి తెరిచేనాటికి ఇవి నడవకపోతే ఆ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం వేస్తారు సుభానీ గారూ. ఇవి పాత ఇనుముకే. నా చేతుల్లో ఏం లేదండీ.”

ఆవిడ వెళ్లాక వాడు పెట్టె మీది దుమ్ము తుడిచాడు. తరవాత అన్నాడు — “నేను పదో తరగతి దాటలేదన్నా. కంప్యూటరుని మొదటిసారి కిటికీలోంచి చూశా. ఆ పిల్లలు చేత్తో ముట్టుకోవాల.”

జోకు వెయ్యబోయి మింగేశాను. నాకిది అలవాటు లేదు.

మార్చి 14

గోడ మీద పొడుగాటి కాగితం. ఏది ముందు, ఏది తరవాత... ఒక్కోటి అయ్యాక టిక్కు. మొదట పనిముట్టు కడతాడు. ఆ పనిముట్టుతో అదే పనిముట్టుని మళ్లీ కడతాడు, ఈసారి గట్టిగా. పాత సుత్తితో కొత్త సుత్తి చేసి, పాతది అవతల పారేసినట్టు. తెర మీద అక్షరాలు చీమల బారులా పైకి పాకుతుంటాయి. నాకొక్కటీ అర్థం కాదు. చూపు మాత్రం తిప్పుకోలేను.

మార్చి 20

ఇరవై మూడు టిక్కులు. నా పెళ్లి సామాన్ల జాబితా ఇంత శ్రద్ధగా రాసుంటే పందిట్లో ఉప్పు మర్చిపోయేవాళ్లం కాదు.

మార్చి 27

ఈ సోర్సు కోడంతా రాసిందెవరని అడిగాను. ఏ దేశంవాళ్లో, ఎక్కడెక్కడివాళ్లో. ముఖాలు కూడా చూసుకోలేదట.

“వాళ్లకేం వస్తదిరా?”

“ఏం రాదన్నా. వాడుకోమంటారు. బాగుచేస్తే ఆ బాగుచేసింది మళ్లీ అందరికీ ఇమ్మంటారు.”

పూర్వం మా తాత నాటు విత్తనం ఇలాగే ఇచ్చేవాడు. వేసుకో, బాగా పండితే ఇంకొకడికివ్వు. ఆ పద్ధతి పోయిందనుకున్నాను. పోలేదు, కంప్యూటరులో దాక్కుంది.

నాకూ ఒక మాట నేర్పాడు. డేట్ అని కొడితే అది టైము చెబుతుంది. ఇంకో రకంగా కొడితే మనం చెప్పిన టైము అది వింటుంది. భార్య కన్నా నయం.

ఏప్రిల్ 1

ఏప్రిల్ ఫూల్. ఏటేటా చేసేదే. గోడ గడియారం గంట ముందుకు తిప్పాను. హమాలీల పెద్ద ఏసోబు మేస్త్రీ, ఆయన ముఠా మొత్తం గంట ముందే బస్తాలు వదిలి ఇళ్లకు పోయింది. యజమాని కూడా “అప్పుడే అయిదా” అంటూ స్కూటరెక్కాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తరవాత గడియారం వెనక్కి తిప్పేశాను.

ఏప్రిల్ 2

పని చెడిపోయింది. మొత్తం.

సుభానీ తెరకేసి చూస్తూ గొణుగుతున్నాడు — “కొన్ని ఫైళ్ల మీద ఇంకా రాని టైము ఉందన్నా... ఏది పాతదో ఏది కొత్తదో దీనికి తెలియట్లా. కట్టాల్సింది వదిలేసింది.”

ఎలుక వల్ల. నిన్న సాయంత్రం నా కళ్లతో చూశాను. పందికొక్కంత ఉంది. కీబోర్డు మీద అటూ ఇటూ నడిచింది. టైము ముందుకు పోయుంటే, చూసి నేనే సరిచేశాను. వాడికీ అదే చెప్పాను.

నమ్మాడు. ఏసోబు మేస్త్రీ మాత్రం తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. “మిరపకాయల గదిలో ఎలకేందిరా కోటయ్యా? ముప్పయ్యేళ్లుగా మోస్తన్నా, ఒక్కటి చూళ్లా. దానికి ముక్కు లేదా?”

ఏప్రిల్ 3

సుభానీ ఎవర్నీ తిట్టలేదు. గోడ మీది కాగితం తీసి, వెనక్కి తిప్పి, ఖాళీ వైపున మొదటి నుంచి రాసుకున్నాడు. ఒకటి. రెండు. మూడు.

తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 5

సుభానీ బోను తెచ్చాడు. అందులో వాళ్ల ఇంటావిడ చేసిన గారె ముక్క.

ఏప్రిల్ 6

గారె మాయం. బోను పడలేదు. “తెలివైన ఎలకన్నా ఇది” అన్నాడు, మెచ్చుకుంటున్నట్టు.

ఏప్రిల్ 19

గారెలు రోజూ పోతున్నాయి. టిక్కులు రోజూ పెరుగుతున్నాయి.

మే 8

బయట నిప్పులు. లోపల, మధ్యాహ్నం మూడింటికి, నల్లటి తెర మీద గీత ఒకటి మిణుకుమిణుకుమంది. వాడు కట్టిందే... వాడి చేతి మీదుగా లేచింది. ఏదో కొట్టాడు. ‘అ’ వచ్చింది. మన ‘అ’. పలక మీద రాసినట్టు.

హమాలీలంతా బస్తాలు దించి వచ్చి నిలబడ్డారు. ఒకడు చెప్పులు విడిచాడు. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

మే 9

బడికి తీసుకుపోయి, పోగానే ఆన్ చేస్తానంటాడు. ఏసోబు మేస్త్రీ అడ్డంగా నిలబడ్డాడు.

“చల్లగదిలోంచి తీసిన బస్తాని వెంటనే విప్పుతామా? చెమట పడద్ది. కాయ నల్లబడద్ది. దీనికి మాత్రం ఒళ్లు కాదా?”

సుభానీ అప్పటికే బయటికి తెచ్చిన పెట్టె మీద చెయ్యి వేసి చూశాడు. తడి. నీటి బొట్లు. మొహం పాలిపోయింది.

రెండు గోనెపట్టాలు చుట్టి ఒక రోజంతా అలా ఉంచాం. చదువుకున్న పుస్తకం లేదు, ముప్పయ్యేళ్ల భుజం ఉంది మేస్త్రీకి. సుభానీ ఆయన చేతులు పట్టుకున్నాడు. “ఇది కూడా రాసిపెడతా మేస్త్రీ” అన్నాడు.

మే 11

బడిలో నడిచింది. హెడ్మాస్టరమ్మ గారు అ ఆ ఇ ఈ కొట్టి చూసుకున్నారు. “మిగతా అయిదూ నడిపించండి. బియ్యానికి నేను ఇంకో చోటు చూస్తాలెండి.” ఈసారి తుమ్ములు లేవు. కళ్లు మాత్రం తుడుచుకున్నారు.

మే 24

దర్శిలో ఒక బడి దగ్గరా ఇలాంటి ముసలి మిషన్లే ఉన్నాయట. అక్కడి మాస్టారు తనే కట్టుకుంటానన్నాడు. ఆయన కోసం సుభానీ, ఎలా కట్టాలో పన్నెండు పేజీలు రాశాడు. మొదట నాకే ఇచ్చాడు చదవమని.

మేస్త్రీ చెమట సంగతి నాలుగో పేజీలో ఉంది, పేరుతో సహా. చివర సాయం చేసినవాళ్ల పేర్లు. అందులో — ‘కాపలా: కోటయ్యన్న’.

ఏడో పేజీ: ‘కీబోర్డు మీద మూత తప్పనిసరి. దగ్గర్లో బోను పెట్టుకోండి. ఎలుక నడిచి టైము మారడం వల్ల నా పనంతా ఒకసారి పోయింది.’

అన్నిటికన్నా కింద: ‘ఇందులో తప్పుంటే చెప్పండి. దిద్ది అందరికీ మళ్లీ పంపుతాను.’

వాడు రాసిన పన్నెండు పేజీల్లోనూ ఒక్కటే తప్పు. అది నాది.

బయట మేస్త్రీ బీడీ వెలిగిస్తూ అడిగాడు — “ఎలకని నువ్వు పట్టిస్తావా, నన్ను పట్టమంటావా?”

మే 25

ఈ డైరీలో కూడా అబద్ధమే రాశాను. ఎవరు చదువుతారని? నేనే కదా.

ఏప్రిల్ ఒకటిన గోడ గడియారం ఒక్కటే తిప్పలేదు. సుభానీ లేని వేళ, వాడు నేర్పిన మాటతోనే కంప్యూటరు టైము కూడా ముందుకు జరిపాను, సరదాకి. నవ్వడం అయ్యాక వెనక్కి తెచ్చాను. ఆ గంటలో పుట్టిన ఫైళ్లన్నీ ఇంకా రాని టైముతో పుట్టాయి.

కాగితాలు రేపు పొద్దున్న దర్శి బస్సులో వెళతాయి. సుభానీ కొట్టు ఆ బస్టాండు ఎదురుగానే. నడిస్తే పది నిమిషాలు. చెప్పులు వేసుకుని రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చాను.

మూడోసారి గేటు దాటి వాడికి చెప్పాల్సింది ఇంతే: ఎలుక లేదు. ఎప్పుడూ లేదు. గారెలు నేనే తిన్నాను — బాగున్నాయి.