రెండు కొబ్బరికాయలు

శనివారం

మనవరాలు లావణ్య అండమాన్‌లో సముద్రం అడుగుకు దిగి, పగడాల మధ్య చేపలకు ఫొటోలు తీసిందట. కాట్రేనికోన నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది.

"చూసేరా వదినగారూ? ఆ నారింజ రంగు చేప ఎంత ముద్దుగా ఉందండీ!"

చూశానని అబద్ధమాడాను. నాకు ఒక్కటీ రాలేదు. ఎందుకు పంపలేదని లావణ్యను అడిగాను.

"నీళ్లలో దిగానంటే తిడతావని మామ్మా. చిన్నప్పుడు తడి జడ చూస్తే బెత్తం తీసేదానివిగా! నడుముకి రెండు కొబ్బరికాయలు కట్టి ఈత నేర్పింది అమ్మమ్మే."

కొట్టిన మాట నిజమే. కానీ ఆ కాయలు మా తోటవి. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి పట్టుకెళ్తానంటే, నూనెకనుకుని నేనే ఏరి ఇచ్చాను. ఈ సంగతి లావణ్యకు గుర్తుచేయాలి. అంతకంటే ముందు వియ్యపురాలికి చెప్పాలి.