హార్డ్ డిస్కుతో పోయిన పాటలు

ఆశ్రితా,

కంప్యూటరులో హార్డ్ డిస్కు లేదు, అయినా నడుస్తాది. దాన్ని నడిపేదంతా నల్ల పెన్‌డ్రైవులో ఉండాది, అది పెట్టినాకే స్విచ్చి వెయ్యి. తెర వెలగంగానే ఎఫ్ 12 నొక్కి, యూఎస్‌బీ అన్న వరుస ఎంచుకో. ఆపితే నువ్వు చేసిందంతా చెరిగిపోతాది. ఏదున్నా ఎర్ర పెన్‌డ్రైవులో దాచుకో.

డిస్కు కాలింది నా వల్లే. త్రీఫేజు కరెంటు వచ్చిందని, నువ్వు వద్దన్నా వినకుండా కంప్యూటరున్న లైన్లోనే బోరు మోటారు వేస్తి. నువ్వు రికార్డు చేసిన అవ్వ పాటలన్నీ దాంతోనే పోయినాయి.

నిన్న అవ్వతో మళ్లా పాడించినా. కలుపు పాటలు మూడు ఎర్రదాంట్లో ఉండాయి. నాలుగోది సగంలో ఆపి, "ఆపైన ఏముండాదిరా?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు?

చేనికి పోతాండా.

మీ అన్న భరత్

ఆ పాట నీకు గుర్తున్న కాడికి ఈ చీటీ వెనక రాసిపెట్టు. అవ్వ ఆగిన కాడ నేను అందిస్తా.