జొన్నచేనును బీడన్న తమ్ముడికి

తమ్ముడూ,

విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి ఏ చేలో ఏ పంట ఉందో చెప్పే ఉద్యోగం నీదని ఇన్నాళ్ళూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నిన్న కాలువ మనిషి వచ్చి మన జొన్నచేనుకు నీళ్ళొచ్చే తూము మూసేశాడు. "ఫోటోలో ఇది గడ్డి మొలిచిన బీడని తేలిందక్కా, బీడుకి నీళ్ళెలా ఇస్తాం?" అన్నాడు. కాగితం లాక్కుని చూస్తే అడుగున నీ సంతకం!

శభాష్! చిన్నప్పటినుంచీ ఇదే చేలో కలుపు తీసినవాడివి, జొన్నకీ గడ్డికీ తేడా మర్చిపోయావా? పచ్చగా కనబడ్డదల్లా గడ్డే అనుకోవడానికి మేక చాలదూ, జీతమిచ్చి నిన్ను కూర్చోబెట్టడం దేనికి?

అదైనా పొరపాటే అనుకుందును. ఫోన్ చేస్తే ఏమన్నావు? "మనదొక్కటీ మార్చేస్తాలే అక్కా, ఎవరికీ చెప్పకు." అప్పుడు ఫోన్ పెట్టేశాను, అందుకే రాస్తున్నాను. అదే కాగితంలో పక్కచేను ముసలాయన జొన్ననూ గడ్డి అనే రాశావు. ఆయనకి మీ ఆఫీసులో తమ్ముడు లేడు. ముందు ఆయనది దిద్దు.

ఆయన తూము తెరిచాకే మనది తెరవమని కాలువ మనిషికి చెప్పేశాను. ఈలోగా చేను ఎండిపోతే, ఆ రంగు మాత్రం పైనుంచి నీకు బాగానే కనిపిస్తుంది.

మీ అక్క